లేని పంఖాను పట్టిచ్చిన ఓదెలు

ఓదెలు చేతులు మంచియి. నోరే మంచిది కాదు. పందొమ్మిది వందల ముప్పై ఏడు, ముప్పై ఎనిమిదిల హైదరాబాద్ శాలిబండ సడక్ మీద మోటర్లు బాగుచేసెటోళ్ళు ఎంతమంది ఉండిన్రని? ఈయన ఒక్కడే. వాళ్ళ నాయిన ఇత్తడి బిందెలకు మాట్లేసి బతికిండు. కొడుకు అవే మాట్లు రేడియేటర్లకు వేసుడు నేర్చి, దుకాణం ముందర రేకు బోర్డు కట్టి, ఉస్తాద్ అని తన పేరుకు తనే తగిలిచ్చుకున్నడు. పని రానోడని మాత్రం అననీకి లేదు. ఇంజన్ మీద చెయ్యి పెట్టి చప్పుడు యాడ తేడా ఉన్నదో చెప్పెటోడు. కానీ కన్ను చూసెలోపే నోరు చెప్పేది. బానెట్ లేపుడు ఎంతసేపో, "అరె, దీన్ని ఎవడు ముట్టిండు? సత్యనాశనం చేసి పెట్టిండు" అనుడు అంతేసేపు. ఎవడో ఒకడు సత్యనాశనం చెయ్యందే ఆయనకు రోగం దొరకది.

"రేడియేటర్లకు మూతలు చేస్తవు గదా, నీ నోటికొకటి చేసుకోరాదూ" అని భార్య బాలమ్మ దినాం మొత్తుకునేది. ఆమె మాట ఎవరు విన్నరు?

ఆ దినాలల్ల శాలిబండ చడావు ఎక్కినంక, ఆ ఎత్తు మీద, ఒక రాజాసాబ్ దేవిడీ ఉండె, కోట తీర్గ పెద్ద ఇల్లు. పేరు చెప్పను, చెప్తే ఆయన మనుమలు కర్రలు పట్టుకొని వస్తరు. రాజాసాబ్‌కు పెద్ద మోటర్లు రెండు ఉండెగానీ, ఇంకో జాగీర్దారు ఇంగ్లండు నుంచి రేసు బండి తెప్పిచ్చిండని విన్న దినం నుంచి ఆయనకు అన్నం సయిస్తలేదు. తనూ ఒకటి తెప్పిచ్చిండు. ఎర్ర రంగు, రెండే సీట్లు, పైన కప్పు లేదు, నేలకు ఆనుకొని పండుకున్నట్టుంటది. గంటకు ఎనభై మైళ్ళు ఉరుకుతదని కాగితం మీద రాసి వచ్చింది. ఎనభై మైళ్ళు ఉరికే బండి తెప్పిచ్చుకొని ఆయన ఏం చేసిండు? బేస్తవారం బేస్తవారం సాయంత్రం దేవిడీ నుంచి చార్మినార్ దాక, చార్మినార్ నుంచి దేవిడీ దాక, అండ్ల కూసొని సలాములు తీసుకున్నడు.

సలాములు తీసుకునుడంటే మామూలు ముచ్చట గాదు. బండి ముందర వెండికర్ర పట్టుకొని చోబ్‌దారు నడుస్తడు. ఆ చోబ్‌దారుకు మోకాళ్ళ నొప్పులు. ఆయన నడకను దాటి బండి పోవద్దు. దుకాణం దుకాణానికి ఒకడు లేచి వంగుతడు, ఒక్కొక్కనికి రాజాసాబ్ చెయ్యి లేపి జవాబియ్యాలె, ఎవడన్న లేవకపోతే వాడు లేచేదాక బండి ఆగాలె. పాలగుండిగలు నెత్తిన పెట్టుకున్న ఆడోళ్ళు ఆ రేసు బండిని దాటేసి పోయెటోళ్ళు. ఎడ్లబండ్లోళ్ళు వెనుక నుంచి "జర జరుగున్రి" అని మొత్తుకునెటోళ్ళు.

ఎండకాలం రాంగనే బండికి రోగం మొదలయింది. వాపసు వచ్చేటప్పుడు చడావు సగం ఎక్కంగనే రేడియేటర్ మూత కింద నుంచి బుస్సుమని ఆవిరి. నీళ్ళు సలసల మసిలి సడక్ పాలయితయి. రాజాసాబ్ ఆ ఆవిరిల కూసుండి దగ్గుకుంట చెయ్యి లేపుతడు. సలాం చేసెటోనికి ఎటు దిక్కు చెయ్యాల్నో అర్థం కాదు. నవ్వు ఆపుకోలేక జనం ధోతీ కొంగులు నోట్ల కుక్కుకునెటోళ్ళు.

బండి నడిపేటోడు సీమోను. సికింద్రాబాద్‌ల ఒక తెల్లదొర దగ్గర డ్రైవరీ నేర్చిండు. దేవిడీ వెనుక రెండర్రల ఇల్లు ఇచ్చిన్రు, అండ్ల భార్య మాణిక్యమ్మ, నలుగురు పిల్లలు. మాట తక్కువ మనిషి. వారం వారం నడి సడక్‌ల దిగి, డబ్బాలతోని నీళ్ళు పోసి, తిట్లు తిని, మళ్ళ ఎక్కి నడిపెటోడు. నాలుగు వారాలయినంక రాజాసాబ్ లెక్కలు చూసే ముంషీ బాబురావు ఓదెలుకు కబురు పెట్టిండు. వచ్చే బేస్తవారం లోపల బండి బాగుకావాలె.

దేవిడీ నుంచి కబురంటే మాటలా! ఓదెలు కొత్త టోపీ పెట్టుకొని, సడక్ పొడుగుత అందరికీ చెప్పుకుంట పోయిండు.

మూడు దినాలు ఆ బండి చుట్టే తిరిగిండు. నీళ్ళు యాడికి పోతున్నయో ముందుగాల పట్టాలె. అతుకులకు, రబ్బరు గొట్టాలకు పొడి సున్నం రాసిండు. కారితే సున్నం మీద తడి చార పడాలె, పడలే. ఇంజన్ ఆయిల్ తీసి వేళ్ళ నడుమ రుద్ది చూసిండు. నీళ్ళు లోపలికి దిగితే ఆయిల్ పాలు పోసిన చాయ్ తీర్గ అయితది, కాలే. ప్లగ్గులు విప్పిండు, పొడిగ ఉన్నయి. రేడియేటర్ మీద అరచెయ్యి ఆనిచ్చి పై నుంచి కింది దాక జరిపిండు. యాడన్న చల్లగ తగిలితే ఆడ తుప్పు పేరుకున్నట్టు. అంతట ఒక్కతీర్గనే వేడి. గండిపేట తియ్యనీళ్ళు తప్ప వేరే నీళ్ళు పోస్తలేమని సీమోను ముందే చెప్పిండు.

సీమోను ఇంకో మాట గూడ చెప్పబోయిండు.

"ఓదెలన్నా, ఒక్కమాట. పెట్రోలు పోయించనీకి ఖాళీ బండి తీస్కపోతే నేను జర జోరుగ పోత. అప్పుడు..."

"నడుపుడు నువ్వు చూస్కో సీమోను. రోగం సంగతి నేను చూస్కుంట" అని ఓదెలు ఆ మాటను ఆడనే తుంచిండు. డ్రైవర్ చెప్తే వినేటంత చిన్నోడా మన ఉస్తాద్! సీమోను బండి తుడుచుకుంట పక్కకు జరిగిండు. ఊకునుడు ఆయనకు అలవాటే.

మూడో దినం బాబురావు వచ్చి నెత్తి మీద నిలబడ్డడు. "ఏం ఉస్తాద్, మూడు దినాల నుంచి సున్నాలు వేస్తున్నవు, పండుగ చేస్తున్నవా? రోగం దొరికిందా, ఇంకో మనిషిని పిలవాల్నా?" అన్నడు. చుట్టూ నౌకర్లు కిసుక్కున నవ్విన్రు.

ఓదెలు మొకం మాడిపోయింది. ఏమన్న ఒకటి చెప్పాలె, ఇప్పుడే చెప్పాలె. ఇంజన్ ముందర దిక్కు చూసిండు. పక్కన నిలబెట్టిన పెద్ద మోటర్లకు ఆ జాగల పంఖా ఉంటది, గిర్రున తిరిగి రేడియేటర్ మీద నుంచి గాలి గుంజుతది. ఈ ఎర్ర బండికి ఆడ ఏం లేదు.

"అరె! పంఖా ఏదీ? ఎవడు విప్పుకపోయిండు?"

నోరు జారింది. జారినంక పట్టుకోనీకి ఏం మిగులుతది? బాబురావు మొకం వెలిగిపోయింది. ఇన్ని దినాల సంది రాజాసాబ్ ముందర ఏం చెప్పాల్నో తెల్వక చస్తున్నడు ఆయన. ఇప్పుడు రోగం పోయి దొంగతనం అయింది, దొంగతనానికి దొంగ ఉంటడు. బండి ఎవరి చేతుల ఉంటది? సీమోను చేతుల. అంతే, నిలబడ్డ సీమోనును నిలబడ్డట్టే పట్టుకొని పహరావాళ్ళ అర్రల కూసోబెట్టిన్రు. పంఖా తెచ్చిస్తవా, కొత్వాలీకి, పోలీసుల కాడికి పోతవా అన్నరు. ఓదెలు "నేను గట్ల అనలే, ఊకె అడిగిన" అని రెండుసార్లు గొణిగిండు. చెప్పాల్సిన కాడ మాత్రం ఆ నోరు పెగలలే.

తెల్లారి పొద్దుగాలనే మాణిక్యమ్మ దుకాణానికి వచ్చింది. ఏడుస్తలేదు. ఏడిస్తే ఓదెలుకు జర నయముండు.

"పంఖా పోయిందన్నది నువ్వేనంట గద అన్నా. ఏనాడన్న ఆ పంఖా ఆడ ఉండంగ చూసినవా?"

"లే... చూడలే."

"చూడనిది పోయిందని ఎట్ల అన్నవు?"

ఓదెలు పానా ఒక్కటి పట్టుకొని దేవిడీకి ఉరికిండు.

ఈసారి నోరు మూసుకొని చూసిండు. పంఖా ఉండాలంటే దాన్ని తిప్పే చక్రం ఉండాలె, చక్రానికి బెల్టు ఉండాలె, బిగిచ్చిన బెజ్జాలన్న ఉండాలె. ఒక్క బెజ్జం లేదు. ఇంగ్లండుల వేసిన రంగు ఆడ గీత పడకుండ ఉన్నది. ఎవడూ విప్పలే, ఎవడూ ఎత్తుకపోలే. ఆ బండి పుట్టుడే పంఖా లేకుండ పుట్టింది. పహరా అర్ర కిటికీ కాడికి పోయి, "సీమోను, మొన్న ఏం చెప్పబోయినవు?" అని అడిగిండు.

"జోరుగ పోతే బండి మసలదన్నా. గదే చెప్పబోయిన."

ఓదెలు బాబురావు కాళ్ళు మొక్కినంత పనిచేసి ఆయనను పక్క సీట్ల కూసోబెట్టుకున్నడు. తనే స్టీరింగ్ పట్టి చాంద్రాయణగుట్ట దాటి శంషాబాద్ సడక్ మీద పడ్డడు. బాబురావు టోపీ మొదటి మైలుకే యాడనో పోయింది. రెండో మైలుకు దేవుళ్ళందరి పేర్లు అయిపోయినయి. ఆరు మైళ్ళు పోయి ఆరు మైళ్ళు వచ్చినంక గూడ మూత మీద వేడి చూపే ముల్లు నడుమనే నిలబడ్డది. చల్లారినంక మూత తీసి చూపిచ్చిండు. నీళ్ళు పోసినయి పోసినట్టే ఉన్నయి.

"చూసిన్రా ముంషీసాబ్? ఇది ఉరికే బండి. ఎదురొచ్చే గాలే దీనికి పంఖా. అందుకే కంపెనీవాళ్ళు వేరే పంఖా పెట్టలే. మీరు దీన్ని చోబ్‌దారు వెనుక నడిపిస్తున్నరు. గాలి యాడి నుంచి రావాలె? మసలక ఏం చేస్తది?"

బాబురావు చెదిరిన జుట్టును రెండు చేతులతోని సవరిచ్చుకున్నడు. మనిషి తెలివిగలోడే, అంత అర్థమయింది. అర్థమయింది గనుకనే భయపడ్డడు.

"అంటే నన్నేం చెప్పమంటవు? హుజూర్, మీ సలాములతోని బండి మసులుతున్నది అని చెప్పాల్నా? మీరు తెల్వక కొన్నరని చెప్పాల్నా? నువ్వు చెప్తవా పో, నేను అడ్డమొస్తలేను."

ఓదెలు తీసిన మూతను మళ్ళ బిగిచ్చుడు మొదలుపెట్టిండు.

"దొంగతనం అయితే రాజాసాబ్ తప్పు లేదు, నా తప్పు లేదు, నీ తప్పు లేదు" అన్నడు బాబురావు నిమ్మళంగ. "నువ్వొక పంఖా చేసి పెట్టు. పోయింది దొరికిందని అందాం. సీమోనుకు మాఫీ ఇప్పిస్త, నౌకరి ఉంటది. అందరికీ మంచిదే గదా?"

పోయి సీమోనుకు చెప్తే, "నౌకరి ఉంటదన్నరా?" అని ఒక్కటే అడిగిండు. ఉంటదన్నరని ఓదెలు చెప్పిండు. "పిల్లలున్నరన్నా. చేసి పెట్టు." ఆ మాట వినంగనే ఓదెలుకు నెత్తి మీది బరువంత దిగినట్టయింది. సిగ్గు పడాల్సిన కాడ పానం హాయిగ అయింది. గసొంటి మనిషి.

పంఖా మాత్రం మస్తు చేసిండు. నాయిన మిగిల్చిన మందపు ఇత్తడి రేకును కోసి నాలుగు రెక్కలు తీసిండు, ఏ రెక్క బరువూ ఎక్కువ తక్కువ కాకుండ ఆకురాయితోని రాకిండు. ఇంజన్ ముక్కుకు చక్రం తగిలిచ్చి, తోలు బెల్టు ఎక్కిచ్చిండు. బేస్తవారం బండి చోబ్‌దారు వెనుకనే నడిచింది, చార్మినార్ పోయింది, చడావు ఎక్కి వచ్చింది, ఒక్క బొట్టు మసలలే.

తెల్లారి రాజాసాబ్ ముందర అందరిని నిలబెట్టిన్రు.

"పంఖా దొరికిందా?" అన్నడు రాజాసాబ్.

"దొరికింది హుజూర్" అన్నడు ఓదెలు.

"నౌకరు తప్పు చేసిండు, మనం మాఫ్ చేసినం" అన్నడు రాజాసాబ్. సీమోను మూడుసార్లు వంగి సలాం చేసిండు. చెయ్యని దొంగతనానికి దొరికిన మాఫీకి సలాం! ఓదెలుకు శాలువ కప్పిన్రు. శాలువ బాగ మెత్తగుండె.

ఆడితోని ఊకుంటే ఈ ముచ్చట చెప్పేటిది లేకుండు. మనోడు ఊకుంటడా? శాలువను దుకాణంల మేకుకు తగిలిచ్చిండు. ఇదేందని ఎవరడిగినా కథ మొదలు. పంఖా పోయిన సంగతి తను కంటిచూపుతోని ఎట్ల పట్టిండో, ముంషీసాబ్ ఎట్ల నోరెళ్ళబెట్టిండో. సీమోను పేరు ముందుగాల చెప్పకుండనే దాటేసెటోడు. "మరి దొంగ ఎవడన్నా?" అని అడిగితే "పోనీయ్ తీ, పిల్లలు గలోడు" అని పెద్దమనిషి తీర్గ చెయ్యి ఊపెటోడు. గట్ల ఊపుడు పేరు చెప్పినదానికంటే అధ్వానం. ఛత్రినాక నుంచి ఒకామె వచ్చి తన కోడిపుంజు పోయింది, పట్టియ్యమని అడిగింది. నాకు గదంత రాదమ్మా అనాల్నా లేదా? "ఎప్పటిసంది కనబడ్తలేదు?" అని అడిగిండు!

రెండు నెలలకు చోబ్‌దారు వెండికర్ర మీది గుబ్బ కనబడలే. దేవిడీల ఎవరినీ సోదా చెయ్యలే. పంఖా చోర్ అని పేరుపడ్డ సీమోను ఉండంగ వేరేటోళ్ళను సోదా చేసుడెందుకు? సీమోనును ఆ దినమే తీసేసిన్రు, సాయంత్రానికి ఇల్లు ఖాళీ చేయిచ్చిన్రు. తెల్లారి గుబ్బ చోబ్‌దారు మంచం కిందనే దొరికింది. ఎవడన్న సీమోనును వాపసు పిలిచిండా? మాఫీ ఇచ్చినోనికి గూడ ఇజ్జత్ ఒక్కటి ఉంటది గదా, ఎట్ల పిలుస్తడు!

సీమోను బస్సుల డిపోకు పోయిండు. ఆ దినాలల్ల కొత్త బస్సులు దిగుతున్నయి, డ్రైవర్లు కావాలె. చెయ్యి చూసి మెచ్చుకున్నరు. పేరు చెప్పంగనే, "శాలిబండ పంఖా సీమోను నువ్వేనా?" అన్నరు. అయిపోయింది. అప్పటి నుంచి బేగంబజార్‌ల మూటలు మోసుడు. స్టీరింగ్ పట్టి ఆయన చేతులు మెత్తగయినయి, బస్తాలకు ఆగుతలేవు. ఓదెలు ఒకసారి దూరం నుంచి చూసి గల్లీల దూరిండు. ఇంటికొచ్చి బాలమ్మకు చెప్తే, ఆమె చేతిల చాట కింద పెట్టి, "గల్లీల ఎందుకు దూరినవు?" అని అడిగింది. ఆ పొద్దు ఓదెలుకు ముద్ద దిగలే. తెల్లారి గిరాకీలు రాంగనే మళ్ళ అదే కథ చెప్పిండు. అలవాటయిపోయింది మరి.

ఒక దినం బస్సుల డిపో మిస్త్రీ వైకుంఠం దుకాణానికి వచ్చిండు. డిపోల డ్రైవర్లను చూసి తీసుకునేది ఈయనే. రేడియేటర్ అతికిచ్చుకొని పోదామని వచ్చి, శాలువ చూసి అడిగిండు. చాయ్ తెప్పిచ్చిన్రు. పక్క దుకాణాలోళ్ళు, తొవ్వన పోయెటోళ్ళు పది పదిహేను మంది జమయిన్రు. ఓదెలు బల్ల మీద కూసొని మొదలుపెట్టిండు. సున్నం, ఆయిల్, ప్లగ్గులు, అన్నీ వరుసగ చెప్పి, "అప్పుడు నా కన్ను యాడ పడ్డదో చెప్పున్రి?" అని తల లేపేవరకు, జనం వెనుక మాణిక్యమ్మ నిలబడ్డది. ఎప్పటిసంది ఉన్నదో.

"ఆపకు" అన్నది ఆమె. "అంత చెప్పు. నేను గూడ విందామనే వచ్చిన."

ఆమె ముందరికి వచ్చింది, జనం తొవ్వ ఇచ్చిన్రు.

"అన్నా, నిన్ను నేను వేరే ఏం అడగ. నా పెనిమిటి బండి నడపాలె. నడపనిస్తలేరు. ఈ మిస్త్రీసాబ్ ఈడనే ఉన్నడు. పంఖా కథ ఉన్నది ఉన్నట్టు చెప్పు."

ఓదెలు శాలువ దిక్కు చూసిండు. ఉన్నది ఉన్నట్టు చెప్తే దేవిడీ గడప మళ్ళ తొక్కేది లేదు, బాబురావు ఊకోడు. అది ఒకెత్తు. ఇంతమంది ముందర, ఇన్ని దినాలు చెప్పినదంత తన నోటితోనే తను వాపసు మింగాలె, అది ఇంకొకెత్తు. నిజం చెప్తున్న, ఆయనకు దేవిడీకంటే ఈ రెండోదే బరువయింది. మాణిక్యమ్మ ఆయన మొకంలకే చూస్తున్నది. ఆ మొకం ఒక పొద్దు ఏడ్వకుండ ఈడనే నిలబడి అడిగింది, ఏనాడన్న చూసినవా అని. ఓదెలుకు తన మీద తనకే అసహ్యం పుట్టింది.

"ఆ బండికి పంఖా లేదు" అని గొణిగిండు. "ఎన్నడూ లేదు. కంపెనీవాళ్ళే పెట్టలే."

"మరి పోయిందంటివి గదా?" అన్నడు వైకుంఠం.

"తెల్వక అన్న. రోగం దొరకక, ముంషీ ముందర నామోషీ అయి అన్న."

"దొరికిందని రాజాసాబ్ ముందర చెప్పినవంట గదా? ఆ ఇత్తడి పంఖా?"

"నేను చేసింది. మా నాయిన రేకుతోని చేసిన. దొరికిందన్నది అబద్ధం. బండి చీమ నడక నడుస్తున్నది గనుక మసిలింది. సీమోను ఆ సంగతి మొదటి దినమే చెప్పబోయిండు, నేను చెప్పనియ్యలే. నాకు తెలిసినంతల ఆ మనిషి ఒక్క మేకు గూడ ముట్టలే."

ఎవరూ నవ్వలే. నవ్వినా బాగుండు అనుకున్నడు ఓదెలు. వైకుంఠం లేచి, ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి, "అమ్మా, రేపు పొద్దుగాల ఆయనను డిపోకు పంపు. నేను గేటు కాడ ఉంట" అన్నడు.

మాణిక్యమ్మ తల ఊపింది. ఓదెలుకు దండం పెట్టలే, తిట్టలే. కదలను గూడ కదల్లే. సడక్ మీద నిలబడి మెడలు సాపుతున్న జనాన్ని ఒకసారి చూసి, మళ్ళ ఆయన దిక్కు తిరిగింది.

"పంఖా చోర్ అన్నది వీళ్ళందరు విన్నరు. ఇప్పుడు నువ్వు గొణిగింది వెనుకున్నోళ్ళకు వినపడలే. లేచి నిలబడి మళ్ళ చెప్పు."

ఓదెలు లేచిండు. ఈసారి గొంతు పెంచి, మొదటి నుంచి మళ్ళ మొదలుపెట్టిండు.